మూడు కొటేషన్ల కుంగ్‌ఫూ

కొనేది గుండుసూదైనా సరే, మూడు కొటేషన్లు లేనిదే ఆయన సంతకం పెట్టడు. కంపెనీలో కొనుగోళ్ళ విభాగం మరి. ఆఫీసులో అది పద్ధతి, ఇంట్లో అది రోగం. దుప్పటి కొనాలన్నా మూడు షాపులకి పట్టిక గీసి, మార్కులు వేసి, తల్లి చేతా భార్య చేతా సంతకాలు పెట్టించేవాడు. ఈలోగా చలికాలం కాస్తా వెళ్ళిపోయేది.

అలాంటి మనిషితో భార్య ఒకరోజు, బస్సు దిగిన దగ్గర్నుంచీ ఎవడో వెంటపడుతున్నాడని చెప్పుకుంది. ఆవిడ ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. సాయంత్రం ఏడింటికి బస్సు దిగి, గోడౌన్ల మధ్య సందులో పది నిమిషాలు నడవాలి. వారం రోజులుగా వాడు ఇరవై అడుగుల వెనకాల, ఆవిడ ఆగితే ఆగుతూ, నడిస్తే నడుస్తూ వస్తున్నాడు. 

ఆయన చాలా సీరియస్‌గా తీసుకున్నాడు. అదే కొంప ముంచింది. ఆత్మరక్షణ నేర్చుకోవాలన్నాడు, అందులో చైనావాళ్ళని మించినవాళ్ళు లేరన్నాడు. ఏ చైనా విద్య అన్నది తేల్చడానికి మర్నాడే ఫైలు తెరిచాడు.

షావోలిన్, వింగ్‌చున్, తాయ్‌చీ. మూడు బడులు దొరికాయి. శాంపిల్ చూడకుండా సరుకు తీసుకోవడం ఆయన వంశంలో లేదు కనక డెమో క్లాసులకి తనే వెళ్ళాడు. క్లాసులేమో ఆరున్నర నుంచి ఎనిమిది దాకా. సరిగ్గా ఆ వేళకే ఆవిడ సందులో, తాళంచెవి పిడికిట్లో బిగించుకుని, వెనక్కి చూడకుండా నడుస్తుండేది.

షావోలిన్‌లో కాలు తలదాకా లేవాలట. ఆయనది సోఫా చెయ్యిదాకా లేచి అక్కడే బిగుసుకుపోతే తల్లీ భార్యా కలిసి దింపారు. నత్తనడకలాంటి తాయ్‌చీ బాగానే ఉంది గానీ, వెంటపడేవాడు కూడా అంత నిదానంగా రావడానికి ఒప్పుకోవాలి. ఇరుకు చోట వింగ్‌చున్ భేషని గురువు చెప్పగానే, ఆదివారం మధ్యాహ్నం టేపు పట్టుకెళ్ళి సందు వెడల్పు కొలిచొచ్చాడు. అక్కడ పురుగన్నది లేదే, నువ్వు ఊరికే భయపడుతున్నావన్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు, తొందరపడకూడదని కూడా అన్నాడు. తల్లి వినీ వినీ, ఇల్లు కాలుతుంటే బావి ఎక్కడ తవ్వాలన్న చర్చలేమిట్రా అంది. ఆ మాటకి మాత్రం ఆయన మార్కులు వెయ్యలేదు.

రెండు నెలలు గడిచాయి. ఒక గురువారం సందు మలుపులో వాడు ఆవిడ మణికట్టు పట్టేసుకున్నాడు. ఆవిడకి ఏ విద్యా రాదాయె. కసుక్కున కొరికింది, కేక పెట్టింది, చెప్పులు వదిలేసి పరిగెత్తింది. వంటింటి గట్టుకి ఆనుకుని వణుకుతుంటే, అప్పుడే క్లాసు నుంచి వచ్చిన మొగుడు సంగతి విని తెల్లబోయాడు. ఆ వెంటనే కలం తీశాడు.

"ఎడమ చెయ్యా, కుడి చెయ్యా? అది తెలిస్తే ఎంపిక తేలిపోతుంది."

విడిపించుకునే పట్టు చూపిద్దామని ఆవిడ చెయ్యి అందుకోబోయాడు. ఆవిడ చటుక్కున గోడకి ఒదిగిపోయింది. మణికట్టు మీద నాలుగు వేళ్ళ గుర్తులు ఎర్రగా తేలి ఉన్నాయి. తనని చూసి కూడా ఆవిడ బెదిరిందని తెలిసి ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు.

"నాకు విద్య వద్దండీ," అంది ఆవిడ ఏడుస్తూ. "ఏడింటికి బస్టాపులో మీరుంటే చాలు."

మర్నాడు ఆరున్నరకే వెళ్ళి నిలబడ్డాడు. ఇద్దరూ పక్కపక్కన నడిచారు. సందు మొదట్లో వాడు, చేతికి కట్టుతో, గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆయనకి ఏ కుంగ్‌ఫూ రాదని మొహమే చెబుతోంది. అయినా వాడు ఆయన్ని ఒకసారి చూసి, సిగరెట్టు పారేసి, అటు తిరిగి వెళ్ళిపోయాడు.

 ఇంటి గుమ్మం దగ్గర ఆవిడ ఆగింది.

"రెండు నెల్ల క్రితం కూడా వాడు ఇలాగే వెళ్ళిపోయేవాడు కదండీ?"