తెర చాటు నాణెం

మనుషులు అబద్ధమాడవచ్చు గాని నాణెం ఆడదని ఆ పరిశోధకురాలి నమ్మకం. పురపాలక కార్యాలయంలో లంచాల మీద ఆమె చేపట్టిన అధ్యయనమంతా ఆ నమ్మకం మీదే నిలబడింది. జవాబిచ్చే మనిషి తెర వెనక్కి వెళ్లి నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే, లంచం ఇచ్చినా ఇవ్వకపోయినా "ఇచ్చాను" అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. ఎవరిది నాణెం మాటో, ఎవరిది సొంత మాటో ఆమెకైనా తెలియదు. మొత్తం మీద మాత్రం లెక్క తేలుతుంది: ఇంచుమించు సగం మంది నాణెం పుణ్యమా అని "ఇచ్చాను" అంటారు, ఆ పైన వచ్చినదే లంచం జాడ.

లంచాల ఫిర్యాదులు వినే విచారణ సంఘాన్ని ఉంచాలో తీసేయాలో ఆ లెక్కను బట్టే పాలకమండలి తేల్చబోతోంది.

తీరా చూస్తే "ఇచ్చాను" అన్నవారు మూడో వంతైనా లేరు. లంచమన్నదే లేదని మండలి అధ్యక్షుడు సంబరపడ్డాడు. ఆమె మాత్రం లెక్క మళ్లీ చూసుకుంది. లంచం బొత్తిగా లేకపోయినా సగం రావాలి కదా. నాణేలన్నీ కూడబలుక్కుని బొరుసే పడ్డాయా?

జవాబిచ్చినవారిలో ఆమె మేనమామ ఒకడు. బజారులో చిన్న దర్జీ కొట్టు ఆయనది. ఏం పడిందో ఎవరినీ అడగరాదని తానే పెట్టుకున్న నియమాన్ని పక్కనబెట్టి ఆమె అడిగేసింది. బొమ్మే పడిందని ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తూ చెప్పాడు.

"మరి ఇవ్వలేదని ఎందుకన్నావు మామయ్యా?"

"నాణేనికేమే, దానికి కొట్టుందా, లైసెన్సుందా? రేపు ఎవడైనా నిలదీస్తే అదొచ్చి సాక్ష్యం చెబుతుందా?"

"మధ్యలో తెర ఉందిగా."

"ఆ తెర కుట్టింది నేనే. బట్ట దళసరిదే." ఆయన దారం తెంపాడు. "అయినా నోరు రాలేదు."

మండలి సమావేశంలో ఆమె ఉన్నమాట చెప్పింది. ఈ అంకె కొలిచింది లంచాన్ని కాదు, భయాన్ని. ఆ భయం ఉన్నంతకాలం సంఘాన్ని తీసేయవద్దు. భయం సంగతి తాము అడగలేదు కదా అని అధ్యక్షుడు నవ్వి, సభ్యులను చేతులెత్తమన్నాడు. ఓటు రహస్యంగా జరగాలన్న నిబంధన చూపించి ఆమె పట్టుబట్టింది. వేరే తెర దొరకక ఆమె తెరే కట్టారు.

సంఘం ఉండి తీరాలని అంతకుముందు రోజే ఆమెతో అన్న సభ్యుడు ముందుగా లేచాడు. తెర అంచు పట్టుకుని క్షణం ఆగాడు. తర్వాత లోపలికి పోకుండా అక్కడే నిలబడి, "తీసేయాలి" అన్నచోట గుర్తు పెట్టి, చీటీ అధ్యక్షుడికి కనబడేలా పట్టుకుని మరీ పెట్టెలో వేశాడు. వెనకున్నవారిదీ అదే వరస. ఫలితం చదివే పని లేకపోయింది.

అందరూ వెళ్లాక ఆమె తెర విప్పి, వెలుతురుకు అడ్డంగా పట్టి చూసింది. మామయ్య కుట్టు గట్టిది. చిన్న చిరుగైనా లేదు.