ఆరెంజ్ మాట ఎవరిది

అత్తగారి ఇస్త్రీ దుకాణానికి రంగు వేస్తామంటూ అల్లుళ్ళిద్దరూ ఆదివారం పొద్దున్నే దిగారు. పెద్దల్లుడు కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరర్. చిన్నల్లుడు వ్యాపార ప్రకటనలు రాస్తాడు. ఇద్దరికీ బ్రష్ పట్టడం రాదు, నోరు మాత్రం ఊరుకోదు.

డబ్బా మీద ఆరెంజ్ అని చూడగానే పెద్దల్లుడు పాఠం మొదలెట్టాడు. ఫ్రెంచిలో బంగారాన్ని ‘ఓర్’ అంటారట, బంగారు రంగు పండు కాబట్టి ఆ పేరట. చిన్నల్లుడు పకపకా నవ్వాడు. అది మన నారింజేనని, పారశీకుల నోటా అరబ్బుల నోటా పడి పోతూ పోతూ దారిలో ‘న’ రాల్చుకుందని అన్నాడు. రంగుకు పేరే లేక ఇంగ్లిషువాళ్ళు పసుపెరుపు అని సరిపెట్టుకుంటుంటే, పండు వెళ్ళి పేరు పెట్టిందట.

అందులో నిజం చాలానే ఉంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఇంగ్లిషంతా మన ఎంగిలేనన్నాడు. పెద్దల్లుడు ఉడుక్కున్నాడు. ఫ్రెంచివాళ్ళ నోట్లో మొదటి అక్షరం ‘ఓ’ అయిందే బంగారం వల్ల కదా అని అడ్డం తిరిగాడు.

మధ్యాహ్నానికి ఇద్దరూ కలిసి వేసింది తలుపు పక్కన చాపంత మేర. డబ్బాలో రంగు మీద మీగడ కట్టింది. చిన్నల్లుడు బ్రష్ ఊపుతూ వాదిస్తుంటే ఒక చుక్క ఎగిరి, ఇస్త్రీ చేసిపెట్టిన తెల్లచొక్కా మీద పడింది.

అత్తగారు దాన్ని కిరసనాయిలు గుడ్డతో రుద్దుతూ కూర్చుంది. చుక్క ఎవరి బ్రష్‌దని అల్లుళ్ళు కొత్త వాదన ఎత్తుకున్నారు. చొక్కా తాలూకు మనిషి వస్తే ఇద్దరూ గోడకేసి తిరిగి ఎక్కడలేని శ్రద్ధగా రంగు పూయసాగారు. అతని చేత చీవాట్లు తిన్నది తల్లికి సాయంగా వచ్చిన చిన్నకూతురు.

అతను వెళ్ళాక ఆమె మొగుడి దగ్గరికొచ్చింది.

“ఆ బ్రష్ ఇటిచ్చి ఇంటికెళ్ళండి. బావగారినీ తీసుకుపొండి.”

వాళ్ళు వాదించుకుంటూనే బస్సెక్కారు. తల్లీకూతుళ్ళు పొద్దుగూకేలోగా గోడలన్నీ ముగించారు.

ఆమె ఇంటికొచ్చేసరికి మొగుడు గుమ్మంలోనే ఎదురయ్యాడు. నిఘంటువు కూడా తన పక్షమేనన్నాడు.

“మీరు చెప్పిందే కరెక్ట్” అందామె.

అతని మొహం చాటంత అయింది. ఈ మాటలకేనా నేను పడిపోయింది అనుకుంటూ ఆమె గదిలోకెళ్ళి తలుపేసుకుంది.