అన్సెల్మో ఫ్రీయస్ బొమ్మ

గోడమీద బొమ్మ పూర్తయింది. పేరొక్కటే మిగిలింది. ఆ పేరు రాయాలంటేనే నెరేయ్‌దాకు ఒళ్ళు కంపరమెత్తుతోంది.

సాన్ పెద్రో బేస్‌బాల్ మైదానం గోడ అది. భుజాన బ్యాటు, మొహాన నవ్వు, నిలువెత్తు మనిషి. న్యూయార్క్ జనం కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టే ఆటగాడు అన్సెల్మో ఫ్రీయస్. రేపే ముసుగు తీసే పండగ.

అసలు అన్సెల్మో నెరేయ్‌దా తమ్ముడు. ఐదేళ్ళకే జ్వరమొచ్చి పోయాడు. గోడమీదున్నది పక్కింటి ఎరిబెర్తో. పంతొమ్మిదేళ్ళవాణ్ణి ఏ జట్టూ తీసుకోదు, పదహారేళ్ళయితే ఎగబడతారు. అందుకని వాడికి ఆట నేర్పినవాడు వచ్చి, చచ్చిన పిల్లాడి పుట్టుక కాగితం అడిగాడు. "నీ కొడుకు పేరు బతుకుతుంది, దోన్యా తోమాసా" అన్నాడు అమ్మతో. పిచ్చితల్లి ఇచ్చేసింది. ఏటా తల్లుల పండగనాడు ఎరిబెర్తో వచ్చి కొడుకులా తన దీవెన అడగాలని మాట మాత్రం తీసుకుంది. పన్నెండేళ్ళలో ఒక్కసారీ రాలేదు, సిగ్గులేని వెధవ.

వయసు విచారణకొచ్చే జట్టువాళ్ళ కంటబడకూడదని స్మశానంలో తమ్ముడి శిలువ మీది పేరు కూడా చెరిపించారు. దానిమీద సున్నం పూసింది నెరేయ్‌దాయే. ఆ చెయ్యి చూసుకుంటే ఆమెకు ఇప్పటికీ అసహ్యమే. పేటంతా ఎరిగిన సంగతే, నోరెత్తినవాడు లేడు. రేపు తమ పిల్లాడికీ ఇలాంటి కాగితమే కావలసి రావచ్చు మరి.

మధ్యాహ్నం ఎరిబెర్తోనే వచ్చి కారు దిగాడు. వేయించిన పందితోలు నములుతున్నాడు, పెదాలమీద నూనె మెరుస్తోంది.

"ముక్కు మరీ ఇంత చప్పిడేంటక్కా? కాస్త సన్నం చెయ్యి. రంగు కూడా తగ్గించు, బొగ్గులా ఉన్నా."

"నువ్వు బొగ్గేరా, ఎరిబెర్తో."

"ష్! ఆ పేరెత్తకు తల్లీ, నీకు దణ్ణం పెడతా."

"అమ్మ ఇల్లు నాలుగడుగులేగా. ఏటా కుర్చీ తుడిచిపెట్టి కూచుంటోంది. ఒక్కసారి పోయి రారాదూ?"

"తీరికెక్కడిదీ? అయినా ఆ పిల్లాడు పేరు పెట్టుకుని ఏం చేసేవాడు చెప్పు? మట్టిలో కలిసిపోయేదాన్ని దేశాలు తిప్పా. నాకే మీరు దణ్ణం పెట్టాలి." వేళ్ళు నాక్కుంటూ నవ్వాడు.

నెరేయ్‌దా నల్లరంగు డబ్బా మూత తీసింది.

"పేరు పెద్దగా రాయి" అన్నాడు కారెక్కుతూ.

"రాస్తాలే. పూర్తిగా రాస్తా."

మర్నాడు మేయరు తాడు లాగాడు. మోగుతున్న బ్యాండు టక్కున ఆగిపోయింది. బొమ్మ కింద నల్లటి అక్షరాలు: అన్సెల్మో ఫ్రీయస్, 1984–1989.

దోన్యా తోమాసా ముందు వరసలోంచి లేచి గోడ దగ్గరికి నడిచింది. ఆ అంకెలు తడిమింది.

"ఇన్నాళ్ళకు సమాధిరాయి పెట్టావే నా బిడ్డకి" అంటూ పండగకని తన మెళ్ళో వేసిన దండలోంచి పువ్వు తీసి కింద పెట్టి, శిలువ గుర్తు వేసుకుంది.

వెనక ఒక ముసలాడు టోపీ తీశాడు. తర్వాత పక్కవాడు, ఆ తర్వాత వరసంతా. అందరూ తీస్తుంటే వేదికమీద ఎరిబెర్తో చెయ్యి కూడా అలవాటుకొద్దీ పైకి లేచింది. టోపీ తీసి గుండెకానించుకుని నిలబడ్డాడు.