మూడింటికల్లా ఎల్ పాసోలో

పొద్దున్నే ఆరింటికి మోగే ఫోన్‌లో మంచి వార్త ఉండదని వెల్డన్ కెస్లర్‌కి తెలుసు. అయినా నోట్లో బ్రష్ పెట్టుకునే ఎత్తాడు. అవతల మారిసెలా. ఎల్ పాసోలో ఉండే తమ్ముడు లైల్ కూతురు. ఆరేళ్ళలో ఆ పిల్ల ఈ ఇంటికి ఫోన్ చెయ్యడం అదే మొదలు.

"పెద్దనాన్నా, నాన్న ఇక లేడు. ఉన్నాడు కానీ లేడు," అంది.

"తిన్నగా చెప్పు తల్లీ. నాకేం అర్థం కావట్లేదు."

"ఆదివారం కప్పు మీది ఎయిర్ కూలర్ బాగుచేస్తానని ఇంటిపైకెక్కాడు. జారి పడ్డాడు. మెదడు పోయిందని రాత్రి డాక్టర్లు చెప్పేశారు."

"ఊపిరాడుతోందా?"

"మెషిన్ ఆడిస్తోంది."

వెల్డన్ సింకు అంచు పట్టుకున్నాడు. అరవై నాలుగేళ్ళ వెధవకి ఇంటిపైకెక్కే పనేమిటి? పక్కింట్లో కుర్రాళ్ళు లేరా? తిట్టాలనిపించింది. తిట్టడానికి మనిషేడీ?

"ఆదివారమే చెప్పాలనుకున్నాను," అంటోంది మారిసెలా. "మీరూ నాన్నా మాట్లాడుకోరు కదా, చెప్పొచ్చో లేదో తెలీక ఊరుకున్నాను. నాన్న అవయవాలిస్తానని ఎప్పుడో డ్రైవింగ్ లైసెన్సు మీద రాసిచ్చాడు. గుండె ఒకళ్ళకి, లివర్ ఒకళ్ళకి. వాటికోసం డాక్టర్లు విమానాల్లో వస్తున్నారు. ఇవాళే తీసుకెళ్తారు. ఆపరేషన్ గది దాకా వరండాకి అటూ ఇటూ నర్సులూ మనవాళ్ళూ నిలబడతారు, మధ్యలోంచి మంచం తోసుకెళ్తారు. వస్తారా పెద్దనాన్నా? అప్పటికింకా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. చెయ్యి వెచ్చగానే ఉంటుంది."

"వస్తాను. ఎన్నింటికి?"

"మూడింటికి. ఆలస్యమైతే వాళ్ళు ఆగరు," అని ఏడుపులో పడి ఫోన్ పెట్టేసింది.

వెల్డన్ నోట్లో నురగ అలాగే ఉంది. ఉమ్మడం కూడా తోచలేదు ఆ మనిషికి.

హాల్లో నెల్డా వాలుకుర్చీలో కాలు చాపుకుని ఉంది. మోకాలి ఆపరేషన్ అయి తొమ్మిది రోజులు. చెప్పాడు. ఆవిడ "అయ్యో, లైలా! మన లైలేనా?" అని నోరు నొక్కుకుంది. అతను మాత్రం ఏడవలేదు. సొరుగులోంచి ఒక పాత కవరు తీసి, పెన్సిల్ చెక్కి, బల్ల దగ్గర కూర్చుని ప్రయాణం లెక్క వెయ్యడం మొదలెట్టాడు. ముప్పై అయిదేళ్ళు శాన్ ఏంజెలోలో లారీల కంపెనీలో చేసిన పని అదే: ఏ లారీ ఎప్పుడు కదలాలి, ఎక్కడ డీజిల్ పోయించాలి, ఎన్నింటికి చేరాలి. గుండె ఆగిపోయేటంత మాట విన్నప్పుడు కొందరు దేవుణ్ణి పిలుస్తారు. ఇతను మైళ్ళు లెక్కపెట్టాడు.

"నాలుగు వందల అయిదు మైళ్ళు. బిగ్ లేక్, రాంకిన్, మెకేమీ. ఫోర్ట్ స్టాక్టన్‌లో పెట్రోలు. అక్కడ పెద్ద హైవే ఎక్కితే వాన్ హార్న్ దాకా గంటకి ఎనభై మైళ్ళు తగ్గక్కర్లేదు. ఆరుగంటల పది నిమిషాలు, ఆగడంతో కలిపి."

"అయితే ఇప్పుడే బయల్దేరు. చొక్కా తొడుక్కో, చాలు."

"ఇప్పుడే వెళ్ళి ఏం చెయ్యను? మధ్యాహ్నం దాకా వాడి మొహం చూస్తూ కూర్చోనా?" అని గట్టిగా అరిచాడు. అరిచాక తనే ఉలిక్కిపడ్డాడు. నెల్డా నలభై ఏడేళ్ళు కాపురం చేసింది, ఏ అరుపు కోపమో ఏది భయమో ఆవిడకి తెలుసు.

భయమే మరి. ఆరేళ్ళ కిందట అమ్మ పోయినప్పుడు ఇక్కడ శాన్ ఏంజెలోలో ఖననం పదింటికని అందరికీ చెప్పారు. టెక్సాస్ అంతటికీ ఒక గంటైతే ఆ పడమటి మూలనున్న ఎల్ పాసోకి ఒక గంట తక్కువ. అక్కడ తొమ్మిదైతే ఇక్కడ పది. లైల్ ఆ గంట తేడా మరిచిపోయాడు. తెల్లవార్లూ బండి నడిపి, మట్టి కప్పేసి అందరూ చర్చి హాల్లో భోజనాలకి కూర్చున్నాక గుమ్మంలోకొచ్చాడు, నలిగిన సూటుతో, చేతిలో పువ్వులతో. వెల్డన్ పళ్ళెం పట్టుకునే, అరవైమంది వింటుండగా అన్నాడు: "ఇంత వయసొచ్చినా గంట లెక్కపెట్టడం రాలేదా నీకు? కన్నతల్లిని సాగనంపడానికి కూడా ఆలస్యమేనా?" లైల్ పువ్వులు కుర్చీలో పెట్టి, మంచినీళ్ళైనా తాగకుండా వచ్చిన దారినే వెనక్కి పోయాడు. తర్వాత క్రిస్‌మస్‌కి కార్డులు వచ్చేవి. లోపల పేరు తప్ప ఏమీ ఉండేది కాదు.

తప్పన్నానని వెల్డన్‌కి ఆ సాయంత్రమే తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. ఈ క్రిస్‌మస్‌కి చెప్తా, వచ్చే వేసవిలో చెప్తా అంటూ ఆరేళ్ళు గడిపాడు. ఇప్పుడా చెయ్యి వెచ్చగా ఉండగానే పట్టుకుని చెప్పాలి. వింటాడా వినడా దేవుడికెరుక. చెప్పాలంతే.

"మూడంటే ఎవరి మూడు?" అంది నెల్డా.

"ఎల్ పాసోలో జరిగేదానికి ఎల్ పాసో మూడే. అంటే మనకి నాలుగు."

"అడిగావా?"

"అడిగేదేముంది ఇందులో?"

"ఫోన్ చేసి అడుగు. ఒక్క నిమిషం పని. పోనీ నేను అడగనా?"

"వద్దు!" అన్నాడు. "ఈ గంట మాట మీదేగా వాళ్ళ నాన్నని నలుగుర్లో నిలబెట్టి కడిగేశాను! ఇవాళ నేనే ఫోన్ చేసి, అమ్మా, మీ గంటా మా గంటా అని అడిగితే ఆ పిల్ల ఏమనుకుంటుంది? నాకు లెక్క వచ్చు నెల్డా."

మనిషికి పౌరుషం ఉండొద్దనను. కానీ దానికీ ఓ వేళాపాళా ఉండాలి.

కవరు మీద "మనకి 4" అని రాసి రెండుసార్లు గీత గీశాడు. గడ్డం గీసుకున్నాడు. టైర్లలో గాలి చూశాడు, ఇంజన్ ఆయిలు చూశాడు. నెల్డాకి తోడుగా వాళ్ళ చెల్లెలు వచ్చాక, సరిగ్గా ఎనిమిదింటికి పికప్ ట్రక్కు తీశాడు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి డాష్‌బోర్డు అరలో పడేసి మూత వేశాడు. చక్రం తిరుగుతుంటే ఫోన్ బయట ఉండకూడదు: డ్రైవర్లకి ముప్పై అయిదేళ్ళు తను పెట్టిన నిబంధన అది. తనే తప్పుతాడా?

దారంతా నమ్మకం కుదరలేదతనికి. ఉదయం విన్నది నిజమేనా అని ప్రతి పది మైళ్ళకీ ఒకసారి ఆశ్చర్యపోయాడు. రాంకిన్ దాటాక, చిన్నప్పుడు లైల్ ఇదే రోడ్డు మీద కారు వెనక సీట్లో వాంతి చేసుకుంటే నాన్న తిట్టడం, తను అడ్డుపడడం గుర్తొచ్చి నవ్వాడు. నవ్వుతుంటే మెషిన్ మాట గుర్తొచ్చింది. రోడ్డు పక్కకి తీసి ఆపాల్సొచ్చింది.

పదిన్నరకి ఫోర్ట్ స్టాక్టన్. పన్నెండు ఇరవైకి వాన్ హార్న్. వేసుకున్న లెక్కకి ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. ఇక్కణ్ణుంచి గంటా యాభై నిమిషాలు. నాలుగింటికి ఇంకా బోలెడంత టైముంది. ఇప్పుడే కదిలితే గంటన్నర పైగా ముందు చేరతాడు. చేరి? గొట్టాల మధ్య తమ్ముడి పక్కన ఆ గంటన్నర? ఆ ధైర్యం లేదు. రొట్టెలో చుట్టిన బరీటో ఒకటి కొనుక్కుని పికప్‌లోనే కూర్చున్నాడు. సగం తిని చుట్టేశాడు.

కవరు వెనక్కి తిప్పి, ఏం చెప్పాలో రాసుకున్నాడు. "లైల్, ఆ రోజు నేనన్నది." కొట్టేశాడు. "ఒరేయ్, అమ్మకి నువ్వంటేనే ఎక్కువ ఇష్టం, అది నాకు ఒళ్ళుమంట." ఇది నిజమే, కానీ మంచం పక్కన చెప్పే మాటేనా? కొట్టేశాడు. పక్క బండిలోని ఆడమనిషి ఈ ముసలాయన ఎవరితో మాట్లాడుతున్నాడా అని రెండుసార్లు తిరిగి చూసింది. గంటా పావు కూర్చుంటే చివరికి మిగిలింది ఒక్క మాట: "తప్పు నాది తమ్ముడూ. క్షమించు." అది పైకి చదువుకున్నాడు. మూడోసారికి గొంతు వణకలేదు. ఒంటిగంటా ముప్పై అయిదుకి బండి తీశాడు.

కౌంటీ సరిహద్దు దగ్గర, ఇక్కణ్ణుంచి గంట వెనక్కి అని చెప్పే పచ్చబోర్డు వచ్చింది. గడియారం ముల్లు గంట వెనక్కి తిప్పాడు. పన్నెండూ యాభై. చూశావా, ఇంత సులువు, అనుకున్నాడు. వెంటనే సిగ్గేసింది.

ఆస్పత్రి నాలుగో అంతస్తులో లిఫ్ట్ తలుపు తెరుచుకునేసరికి అతని గడియారంలో రెండూ ఇరవై అయిదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వరండా ఖాళీగా ఉంది. ఇద్దరు నర్సులు కళ్ళు తుడుచుకుంటూ ఎదురొచ్చి పక్కకి తప్పుకున్నారు. చివర మూసిన జోడు తలుపులు. వాటి ముందు నేలమీద గోడకానుకుని మారిసెలా కూర్చుని ఉంది, వాళ్ళ నాన్న గళ్ళచొక్కా తొడుక్కుని.

"వచ్చేశాను తల్లీ. ముప్పై అయిదు నిమిషాలు ముందే వచ్చాను, కంగారుపడకు," అన్నాడు వెల్డన్. "ఏ గదిలో ఉన్నాడు? ఒక్క మాట చెప్పుకోవాలి వాడితో."

మారిసెలా తలెత్తి చూసింది.

"తీసుకెళ్ళిపోయారు పెద్దనాన్నా."

"ఎలా తీసుకెళ్తారు? మూడన్నావుగా! ఇంకా రెండున్నరైనా కాలేదు!" గడియారం ఆ పిల్ల మొహం ముందు పెట్టాడు. అరుస్తున్నాడని తనకి తెలీదు. "చూడు! నువ్వే చూడు!"

"మీ మూడు," అంది మారిసెలా. "మీ ఊరి మూడు చెప్పాను. ఇక్కడ రెండు."

వెల్డన్ చెయ్యి దించి గడియారం మళ్ళీ చూసుకున్నాడు.

"ఏడు నిమిషాలు ఆపించాను. డాక్టర్ల కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. మీకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. పెద్దమ్మకి చేస్తే ఆవిడ నాకంటే ఎక్కువ ఏడ్చింది. విమానాలు కాచుకునున్నాయి, ఇక కుదరదన్నారు."

"మీ గంటలో ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. అడుగుతున్నట్టు లేదు, బతిమాలుతున్నట్టుంది. "ఎల్ పాసోలో ఉండి ఎవరైనా మా గంట చెప్తారా?"

"మా ఇంట్లో అంతే పెద్దనాన్నా." కళ్ళు తుడుచుకుంది. "నానమ్మని సాగనంపి వచ్చిన రోజు నాన్న మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. అటువైపు వాళ్ళకి ఎప్పుడు టైము చెప్పినా వాళ్ళ గంటలోనే చెప్పండి, గంట తప్పి నాలా ఎవరూ మాట పడకూడదు, అని. ఆరేళ్ళుగా మేమంతా అలాగే చెప్తాం. పొద్దున కూడా నోటికి అదే వచ్చింది. మీకు చెప్తున్నాను కదా, ఇంకా జాగ్రత్తగా చెప్పాను."

వెల్డన్ ఆ జోడు తలుపుల వైపు చూశాడు. వాటి అవతల తమ్ముడి గుండె ఇంకా కొట్టుకుంటోందో, ఆపేశారో. వాన్ హార్న్‌లో కూర్చున్న గంటా పావు గుర్తొచ్చింది. మాట తొణకకుండా చెప్పాలని మూడుసార్లు చదువుకున్నాడు. ఆ చదివిందేదో ఇక్కడికొచ్చి తప్పుల తడకగా చెప్పినా సరిపోయేదే! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"ఆలస్యమయ్యాను తల్లీ," అన్నాడు. ఆ పిల్ల ఇప్పుడు ఏమన్నా పడడానికి సిద్ధపడి, తల వంచుకుని నిలబడ్డాడు. పడితే కాస్త తేలికయ్యేదేమో కూడా.

మారిసెలా గోడ పట్టుకుని లేచింది. అతని చేతిలోంచి టోపీ తీసుకుంది. పక్కనున్న కుర్చీ లాగి, భుజం మీద చెయ్యేసి మెల్లిగా కూర్చోబెట్టింది.

"కూర్చోండి పెద్దనాన్నా," అంది. "అంత దూరం నుంచి బండి నడుపుకుంటూ వచ్చారు. ముందు కాసిని మంచినీళ్ళు తాగండి."

డెబ్భై రెండేళ్ళ వెల్డన్ కెస్లర్ ఆమె తెచ్చిచ్చిన గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు గానీ నోటి దాకా ఎత్తలేకపోయాడు.