ముఖాలు కడుక్కున్న రోజు

ఇలా దగ్గరకు జరుగు తల్లీ, కాళ్లు ముడుచుకుని కూర్చో. మీ చిన్నమ్మమ్మ చేజేతులా పని పోగొట్టుకున్న సంగతి చెబుతాను.

అప్పట్లో మేము పదకొండు మంది ఆడవాళ్లం బజారు ఊడ్చేవాళ్లం. అంతకుముందు మేస్త్రి పుస్తకంలో హాజరు వేసేవాడు. ఆ పుస్తకం తీసేసి అతనికి ఒక ఫోను ఇచ్చారు. పని ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు దానికి ముఖం చూపించాలి. గుర్తుపట్టకపోతే ఆ రోజు రానట్టే. నెలలో మూడుసార్లు అలా అయితే పేరు కొట్టేస్తారు. పొద్దున బాగానే పట్టేది. మధ్యాహ్నానికి మా ముఖాల నిండా దుమ్ము, కడుక్కుందామంటే అక్కడ కుళాయి లేదు. మా చెల్లెలికి ఆ నెల అప్పటికే రెండుసార్లు తప్పింది.

ఇలాంటి మిషన్లతో కూలివాళ్లు ఏం పాట్లు పడుతున్నారో చూసి రాసే సంఘం ఒకటి ఉండేది. అందులోంచి ఒకావిడ వస్తానని కబురు పంపింది. పెద్దమనిషి వస్తుంటే మట్టి ముఖాలతో నిలబడతామా? ఇళ్ల నుంచి సీసాల్లో నీళ్లు తెచ్చుకుని, దిగే ముందు శుభ్రంగా కడుక్కున్నాం. ఒకతె పౌడరు కూడా తెచ్చింది.

"ఏమే, ఫొటో స్టూడియోకా?" అని ఏడిపించాను.

"నీకూ కాస్త రాయనా అక్కా, ఆ ముడతలు పూడుతాయి," అంది.

సంఘం ఆవిడ వచ్చి నోటుబుక్కు తెరిచింది. ఫోను వరసగా పది మందినీ గుర్తుపట్టింది.

"బాగానే పనిచేస్తోందే," అంటూ ఆవిడ పెన్ను మూసింది.

చేసిన తెలివితక్కువ పని అప్పుడు తెలిసొచ్చింది మాకు. చివర మిగిలింది మా చెల్లెలు. కడిగిన ముఖం చూపిస్తే ఆ రోజుకు గండం గడిచేది. అది పని చేసినంతసేపూ తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి, తన ముఖం మీదే దులుపుకుంది.

"రోజూ ఇలాగే ఉంటామమ్మా. మీరొస్తున్నారని ఇవాళ కడిగాం," అంది.

మేస్త్రి గొంతు తగ్గించి, "పిచ్చిదానా, ఇది మూడోసారి," అన్నాడు.

"తెలుసులే అన్నా. పట్టుకో ఫోను."

మూడుసార్లు చూపించింది. పట్టలేదు. దాని పేరు పోయింది.

ఆవిడ మళ్లీ పెన్ను తీసింది. తర్వాత నాలుగు రోజులు చెప్పాపెట్టకుండా వచ్చి, ఏ రోజు ఎవరిని పట్టలేదో రాసుకుని ఆ కాగితాలు పై ఆఫీసులో ఇచ్చింది. మా చెల్లెలు నెలన్నర ఇంట్లోనే కూర్చుంది. ఆ తర్వాత, ఫోను పట్టనివాళ్ల పేర్లు చేత్తో రాయమని మేస్త్రికి పుస్తకం తిరిగి ఇచ్చారు. అందులో మొదట రాసింది దాని పేరే.

ఇది గుర్తుపెట్టుకో తల్లీ, రేపు నీ పిల్లలకు చెప్పు. చెప్పేటప్పుడు మేము పౌడరు రాసుకున్న సంగతి మాత్రం దాచకు.