రామతులసి చెప్పులు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది వీరమ్మ. శ్యామలాంబ ఇంట్లో అంట్లు తోముతుంది. గొప్పోళ్ళ నోటినుంచి వచ్చిందైతే నేను నమ్మేవాణ్ణి కాదు.

రావులపాలెం దగ్గర, కాలవగట్టు పక్కన ఇల్లు వాళ్ళది. పొద్దున లేస్తే అరటిగెలల లోడు, ఫోన్లు, కాఫీలు. శ్యామలాంబకి నోరు ఎక్కువ, చెవులు తక్కువ. కొడుకు గణేష్‌బాబు మార్కెట్లో అందరిమీదా అరుస్తాడు. ఇంటికొస్తే అమ్మ ముందు అరటిదూట.

కోడలు పావనికి మూడో నెల. ఆ పిల్ల తల్లి రామతులసికి కడుపుతో ఉన్నప్పుడే సుగరు పట్టుకుంది, కానుపయ్యాకా వదల్లేదు. చివరికి కుడికాలు తీసేశారు. పోయినేడు మనిషే పోయింది. ఆసుపత్రిలో నర్సు తబిత ఇదంతా విని చెప్పింది:

"ఇప్పటికి నీకు లేదమ్మా. మీ అమ్మకుండేది కాబట్టి రావచ్చు. తీపి మానెయ్, అన్నం తగ్గించి పప్పూ కూరా ఎక్కువ తిను, తిన్నాక కాసేపు నడు. ఆరో నెల దాటాక మళ్ళీ చూద్దాం."

"కడుపుతో ఉన్నదాన్ని గట్టుమీద ఊరేగిస్తామా? దిష్టి తగలదూ?" అంది శ్యామలాంబ. "ఇద్దరి తిండి తినాలి, పూటకో కాజా కూడా. మా వంశంలో సుగరు లేదు."

వంశంలో బుద్ధీ లేదు. ఆ మాట అనేవాళ్ళు లేరు.

"నా కాలూ తీసేస్తారేమోనండీ. అత్తయ్యగారికి మీరైనా చెప్పండి" అని పావని మొగుడి దగ్గర ఏడ్చింది.

"ఒక్క కాజాకి గొడవెందుకే" అన్నాడు ఆ మగధీరుడు.

ఆ వారమే పుట్టింటివాళ్ళు చలిమిడి తెచ్చారు. వీధివీధికీ కనబడాలని శ్యామలాంబ అడిగి మరీ తెప్పించుకున్న కాజాలు, పూతరేకులు కూడా. ఆ బుట్టల వెనకాలే రామతులసి చెప్పులు నడుచుకుంటూ వచ్చాయి. ఎడమది అరిగి అప్పడమైంది, కుడిది కొత్తదానిలా ఉంది.

"చెప్పులు గుమ్మం బయటే" అంది శ్యామలాంబ.

భోజనమవగానే గుమ్మం దగ్గర టపటపమన్నాయి.

"మీ అమ్మ పిలుస్తోందమ్మా, వెళ్ళు" అంది వీరమ్మ.

పావని తొడుక్కుంది. చేతిలో కాజా ఉంటే అంగుళం కదల్లేదు. కింద పెడితే గట్టు పట్టాయి. రెండుపూటలా అదే వరస. శ్యామలాంబ వాటిని వసారా స్తంభానికి తాడేసి కట్టింది. ఆ పూట స్తంభం ఊగి నాలుగు పెంకులు ఆవిడ నెత్తినే పడ్డాయి.

"కొంపకూలుతుందే తల్లీ, పోయి నడిచి చావు!" అని తనే తాడు విప్పింది. కోడలికోసం కాదు, పెంకులకోసం.

ఆరో నెల దాటాక తబిత గ్లూకోజు నీళ్ళు తాగించి, కూచోబెట్టి, రక్తం తీయించింది. కాగితం చూసి నవ్వింది. "సుగరు రాలేదమ్మా. నడక మాత్రం ఆపకు."

పావని వంగి చెప్పులు చూసుకుంది. కుడిది కూడా అరిగి ఎడమదానితో సమానమైంది. ఆ పూట భోజనమయ్యాక అవి చప్పుడు చేయలేదు. పావనే తొడుక్కుని బయల్దేరింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు. బారసాలకి శ్యామలాంబ సెంటర్లో ఫ్లెక్సీ కట్టించింది. సగం ఫ్లెక్సీ ఆవిడ మొహమే. కింద 'పిఠాపురం అమ్మవారి మొక్కు ఫలం, నానమ్మ కాజాల బలం' అని రాయించింది. ఆ కాజాలూ వియ్యాలవారివే. అమ్మవారు ఈవిడ అబద్ధానికి సాక్షా?

గణేష్‌బాబూ, ఇది నీదాకా వస్తే ఆ ఫ్లెక్సీ దింపించు. మీ అమ్మ బొమ్మ తీసేసి, మీ అత్తగారి చెప్పుల బొమ్మ వేయించు. రెండూ ఉండాలి. కుడిది ముందు పెట్టించు.