నీరు పీల్చని గుడ్డ

కొండల నడుమ ఉన్న అట్‌బాషీ ఊళ్లో ఆ మధ్యాహ్నం సైరకాన్ ఇంట్లో టీ తాగుతున్నారు. పొరుగింటి తుర్సునై వచ్చి కూర్చుంది. పొయ్యి పక్కన తొట్టెలో నాలుగు నెలల మనవరాలు సెజిమ్ ఏడుస్తూనే ఉంది. కోడలు బురుల్ కాలువలో ఉతికిన పొత్తిగుడ్డలు పట్టుకుని లోపలికి వచ్చింది. చన్నీళ్లకు ఆమె వేళ్లు ఎర్రబారి, కణుపుల దగ్గర చిట్లి ఉన్నాయి.

"వచ్చిందమ్మా మహారాణి! నాలుగు గుడ్డలు జాడించడానికి ఇంతసేపా?" అంది సైరకాన్. "చూడు తుర్సునై, పిల్ల తొడలు ఎలా ఒలిచినట్టయ్యాయో. ఈవిడ ఉతుకుడు చలవే ఇదంతా."

"కొన్న డైపర్లు వాడి పారేసే కాలం పిల్లలే వదినా. వీళ్లకి ఉతకడం ఎక్కడొస్తుంది?" అని నవ్వింది తుర్సునై.

బురుల్ తల దించుకుని ఇద్దరికీ టీ పోసింది. ఇలాంటి ఇళ్లలో మనమందరమూ టీ తాగాము. పోసే చేతి వంక చూసినవాళ్లు మాత్రం తక్కువ.

ఆ గుడ్డలను ఎంచింది సైరకానే. తొంభై ఏళ్లు బతికిన తన అత్తగారి నూలు గౌన్లను దాచి ఉంచి, మెత్తబడ్డ భాగాలే చూసి కత్తిరించింది. పెద్దావిడ ఆయుష్షు పిల్లకు రావాలని ఆశ. వాటిని మరిగే నీళ్లలో వేస్తే ఆ దీవెన కరిగిపోతుందని ఆమె నమ్మకం. అందుకే ఉడకబెట్టనిచ్చేది కాదు. పిల్ల ఒళ్లు ఎర్రబడగానే ఆ ఊరి వాడుక ప్రకారం గొర్రె తోక కొవ్వు కరిగించి పూసింది. తగ్గలేదు. ఇంకా మందంగా పూసింది.

"రేపు మీ నాన్నకు కబురు పెడతాను, వచ్చి నిన్ను తీసుకెళ్తాడు," అంది సైరకాన్ కోడలితో. "పిల్ల మాత్రం ఇక్కడే ఉంటుంది."

బురుల్ గిన్నె కింద పెట్టి తొట్టె దగ్గరకు జరిగింది. సైరకాన్ చూపు తిప్పుకుంది. మూడేళ్ల కిందట పెద్దకోడలు ఒక్క మాటైనా అనకుండా మనవడిని ఎత్తుకుని బస్సెక్కిపోయింది. ఆ పిల్లవాడు ఇప్పుడు ఎంత ఎత్తు పెరిగాడో కూడా ఆమెకు తెలియదు. ఇంకొక బిడ్డను పోగొట్టుకుంటానేమోననే భయం ఆమె చేత ఆ మాట అనిపించింది. తల్లినుంచి బిడ్డను విడదీస్తున్నానన్న సంగతి ఆ భయంలో ఆమెకు తోచనేలేదు.

అంతలో టీకా వేయడానికి నర్సు కుల్సున్ వచ్చింది. పిల్లను విప్పి చూసి, ఆరిన పొత్తిగుడ్డ ఒకటి తీసి పరిచి, దానిమీద చెంచాడు నీళ్లు పోసింది. నీళ్లు ఇంకలేదు. పూసల్లా దొర్లి కిందికి జారిపోయాయి.

"పెద్దమ్మా, కొవ్వు పట్టి పట్టి ఇది గొర్రె తోలైపోయింది. తడి పీల్చదు. పిల్ల రోజంతా ఉచ్చలోనే నానుతోంది," అంది కుల్సున్. తర్వాత బురుల్ వైపు తిరిగింది. "చదువుకున్నదానివి, నీకూ తెలియలేదా?"

బురుల్ అత్తగారి ముఖంకేసి చూసింది.

"అడుగుతోంది కదే, చెప్పు!" అంది సైరకాన్.

"తెలుసక్కా. నెల్లాళ్లుగా తెలుసు."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావే?"

"నేను ఈ గడప దాటిన రోజే చెప్పారు కదత్తమ్మా, ఈ ఇంటి కోడలికి చేతులే ఉంటాయి, నాలుక ఉండదని."

సైరకాన్‌కు చెవులు కాలినట్టయింది. ఆ మాట తనదే. తనకు ముందు, ఆ గౌన్లు తొడిగిన అత్తగారిది. ఆమె ఎదుట పదేళ్లు నోరు నొక్కుకుని తాను ఏడ్చిన ఏడుపు ఎలా మరిచిపోయిందో! పెద్దకోడలు కూడా ఏమేమి చెప్పాలనుకుని, చెప్పుకోలేక వెళ్లిపోయిందో! అప్పటిదాకా ఈ ఆలోచన ఒక్కసారైనా రాలేదని తలచుకునేసరికి ఆమెకు ఇంకా సిగ్గు ముంచుకొచ్చింది.

లేచి పెద్ద గిన్నె పొయ్యిమీద పెట్టింది. "ఎలా చేయాలో చెప్పవే. నేనే ఉతుకుతాను."

బురుల్ మొదట నసిగింది. తర్వాత మెల్లగా చెప్పింది. "సోడా వేసి మరిగించాలి. కొవ్వు పైకి తేలితే తీసి పారబోసి, మళ్లీ మరిగించాలి. సబ్బు కొంచెం చాలు. నురగ పోయేదాకా జాడించి ఎండలో ఆరేయాలి. ఇక కొవ్వు పూయకండత్తమ్మా."

"పూయను. నువ్వు ఎక్కడికీ వెళ్లకు. ఇందాకటి మాటకు నన్ను క్షమించు," అంది సైరకాన్. కోడలి ముఖం చూడలేక నీళ్లకేసి చూస్తూ అంది.

వారానికి పిల్ల ఒళ్లు మానింది. ఒక రోజు తీగమీద గుడ్డలు ఆరేస్తున్న సైరకాన్‌ను చూసి తుర్సునై నిష్ఠూరమాడింది. "కోడలికి ఇంత చనువిస్తే రేపు నెత్తికెక్కదూ?"

సైరకాన్ చేతిలోని గుడ్డ దులిపి తీగమీద వేసింది.

"నా పెద్దరికం నిలబెట్టడానికి ఆ పసిది నెల్లాళ్లు ఏడ్చింది తుర్సునై. ఆ సిగ్గు నేను పోయేదాకా పోదు. మీ ఇంట్లో కూడా కోడలిని మాట్లాడనివ్వు. ఆమె నోరు మూయిస్తే, చివరికి ఆ బాధ అనుభవించేది ఇంకా మాటలు రాని బిడ్డే."